పైకప్పు లేని గదులు

నా చిన్నప్పుడు, కోడంబాక్కంలో మేము బాడుగకున్న ఇంట్లో, ఉన్న ఒక్క పడకగదికి మా నాన్న వెంటవెంటనే రంగులు మార్చాడు. తొంభైల మొదట్లో మాట. పనీపాటా లేక గోడలు గీకుతున్నాడని వీధిలోవాళ్ళు అనుకొని ఉంటారు. పనికేం, బోలెడు పని ఉండేది ఆయనకు. స్టూడియోల్లో సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. ప్లైవుడ్డును చలువరాయి చేసేవాడు, గోనెపట్టాను కోటగోడ చేసేవాడు. ఆ చేతులు మా ఇంటి గోడలమీద పడ్డాయంటే కారణం మా అమ్మ.

అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. నా తర్వాతి బిడ్డ కడుపులోనే పోయింది కాబట్టి ఈసారి డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది, కాన్పయ్యేదాకా మంచం దిగకూడదని, దిగితే ఈ బిడ్డ కూడా దక్కదని. మా అమ్మ కుదురుగా కూర్చొని అన్నం తినడం కూడా దండగనుకునే మనిషి. నిలబడే నాలుగు ముద్దలు నోట్లో వేసుకొని తర్వాతి పనికి పోయేది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టారు. మొదట్లో అక్కడినుంచే నాన్నకు వంట నేర్పింది, నాకు జడ వేసింది. రానురాను మాటలు తగ్గిపోయాయి. పట్టపగలు కూడా కళ్ళు మూసుకునే ఉండేది. నిద్రపోతోందా అంటే అదీ కాదు.

నాన్నకు దిగులు పట్టుకుంది. దిగులుపడితే ఆయనకు తెలిసిన మందు ఒక్కటే, రంగు. రంగుల అట్ట ఒకటి తెచ్చి, దానిమీది బుల్లి బుల్లి గళ్ళన్నీ అమ్మకు చూపించి ఏది కావాలని అడిగాడు. "మీ ఇష్టం," అంది అమ్మ. పక్కింటి అక్క గులాబీ రంగయితే గది కళకళలాడుతుందని సలహా ఇచ్చింది. వాసన రాని నీళ్ళ రంగు తెచ్చి, మంచాన్ని అటు జరిపి ఈ గోడకు, ఇటు జరిపి ఆ గోడకు వేశాడు. అమ్మ "బాగుంది" అని కళ్ళు మూసుకుంది. సరే, గులాబీ కంటికి కొడుతోందేమోనని దానిమీద పిస్తా రంగు వేశాడు. అదీ బాగుంది అంది. పిస్తా పోయి మీగడ రంగు వచ్చింది. అదీ బాగుందట! ఆ బాగుంది అనే మాట వినలేక నాన్న ఒకరోజు బ్రష్షు బకెట్టులో విసిరేసి వాకిట్లో కూర్చున్నాడు.

ఆ వారంలోనే నేనొక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి అమ్మ లేచి కూర్చొని ఉంది. పాదాలు నేలమీద ఆనించింది. ఇంకో ఇంట్లో అయితే అది సంతోషవార్త. మా ఇంట్లో మాత్రం కాదు. "నా వల్ల కాదే. ఏమైతే అది కానీ," అంది నన్ను చూసి. నేను ఏడుస్తూ ఆ పాదాలు రెండూ పట్టుకొని పైకెత్తబోయాను. నా ఏడుపు చూడలేక పడుకుంది గానీ, రేపు కూడా పడుకుంటుందన్న నమ్మకం మాలో ఎవరికీ లేకపోయింది.

మర్నాడు చింతాద్రిపేటనుంచి మా అవ్వ దిగింది, అమ్మవాళ్ళమ్మ. బుద్ధులు చెబుతుందని అందరం ఎదురుచూశాం. ఆమె ఆకూవక్కా నములుతూ గదంతా ఒకసారి కలియజూసి, అమ్మ మంచం పక్కనే చాప పరిచి నడుం వాల్చింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏమ్మే, ఈడ పండుకో. నీ కండ్లకు ఏమేమి కనిపిస్తాదో అంతా చెప్పు."

ఆటనుకొని పడుకున్నాను. ఫ్యాను రెక్కల అంచున నల్లటి దుమ్ము కనిపించింది. ఉయ్యాల కోసం ఎప్పుడో దిగగొట్టిన తుప్పు కొక్కేలు, ట్యూబులైటు వెనక బల్లి, మూలన బూజు, వాన కారి కారి ఏర్పడిన గోధుమరంగు మరక. మరకకు మేక తల ఉంది, కాళ్ళు లేవు. అన్నీ వరసగా చెప్పాను.

"మీ నాయన వేసిన రంగు యాడుండాది?"

మెడ పక్కకు తిప్పితే తప్ప గోడ కనిపించలేదు. ఆ మాటే చెప్పాను. అవ్వ లేచి కూర్చొని, మీ నాయనను కూడా పిలిచి పండుకోమని చెప్పు అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అల్లుడితో ఆమె ఎన్నడూ ఎదురుగా మాట్లాడి ఎరగదు. ఏది చెప్పాలన్నా మధ్యలో నేనే తపాలా బంట్రోతును.

నాన్న విసుక్కుంటూనే వచ్చి నా పక్కన పడుకున్నాడు. పైకి చూశాడు. విసుగు ఎటు పోయిందో పోయింది. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు. తనలో తను మాట్లాడుకున్నట్టు, "సెట్టుకు పైకప్పే ఉండదు కదా," అన్నాడు. నిజమే, స్టూడియోలో గది అంటే నిలబెట్టిన గోడలే. పైన కప్పు ఉండాల్సిన చోట లైట్లు, వాటిని తిప్పే మనుషులు. ఎన్ని మేడలకు రంగు వేసినా ఆయన పైకి చూసే అవసరమే రాలేదు. తనుండే ఇంటికి వచ్చి కూడా అదే అలవాటున గోడల దగ్గరే ఆగిపోయాడు.

మంచంమీద అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో! "ఇన్ని దినాలుగా ఆ మేకతోనే కదండీ నా కాపరం," అంది. నాన్న కూడా నవ్వబోయాడు, కుదరలేదు, పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. పైన ఏ రంగు కావాలో చెప్పమని అడిగాడు. ఈసారి అమ్మ మీ ఇష్టం అనలేదు. వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గుకు వంగబోయే ముందు, చీకటి పూర్తిగా పోకుండా తూర్పున కొంచెమే తెల్లబడి ఉంటుంది చూడండి, ఆ ఆకాశం కావాలి అంది. అది చూసి ఎన్ని నెలలైందో అంది.

ఆ ఆదివారమంతా ఒక కలలాగా గడిచింది. నాన్న కొబ్బరి చిప్పల్లో రంగులు కలిపి పాత పంచె ముక్కలమీద పూసి ఇస్తే, నేను వాటిని బూజుకర్ర చివర కట్టి అమ్మ తలమీదుగా ఎత్తి పట్టుకునేదాన్ని. అమ్మ పడుకునే చెప్పేది. అది మధ్యాహ్నం. అది వానకు ముందు. అది బాగా తెల్లారిపోయింది, పాలవాడు కూడా వచ్చి వెళ్ళాడు. వంటింట్లోంచి అవ్వ, "మీ నాయనకు చెప్పమ్మే, ఇంకా కొంజం నలుపు కలపమని," అంటూ నా ద్వారా కబురు పంపేది. ఇంత చిన్న ఇంట్లో ఆ మాట ఆయనకు వినబడనట్టు! చేతులు పీకుతున్నా నాకు ఆ కర్ర దించబుద్ధి కాలేదు. చివరికి ఒక ముక్క ఎత్తాను. పడుకున్నవాళ్ళ కన్నీళ్ళు చెవుల్లోకి జారతాయని నాకు ఆరోజే తెలిసింది. నాన్న చిప్ప కింద పెట్టేశాడు.

ఆకాశం ఆయనకు కొత్త కాదు. సెట్లలో కిటికీ వెనక కనిపించే ఆకాశమంతా గుడ్డమీద వేసేదే. అలాగే ఒక పెద్ద గుడ్డమీద వేసి, ఆరబెట్టి తెచ్చాడు. స్టూడియో స్నేహితులు అమ్మను మంచంతో సహా ఎత్తి ముందు గదిలో పెట్టారు. దేవుడి ఊరేగింపులాగా ఉందని అవ్వ వంటింటి గుమ్మంలోంచి మురిసిపోయింది. మేకమీదుగా గుడ్డ బిగించి కొట్టి, అమ్మను మళ్ళీ దానికిందికి చేర్చారు.

ఆ తర్వాతి నెలలు తలచుకుంటే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది. ఫ్యాను గాలికి గుడ్డ మెల్లగా ఉబ్బి తగ్గేది. బడినుంచి వచ్చి, సంచి పక్కన పడేసి, అమ్మ పక్కన ఇరుక్కునేదాన్ని. దూరంగా కరెంటు రైలు పోయేది. ఎప్పుడూ తెల్లవారబోతూనే ఉండే ఆ గదిలో అమ్మ తన చిన్ననాటి కబుర్లు చెప్పేది. తెల్లబడిన అంచు చూపించి, మీ తమ్ముడో చెల్లెలో అటునుంచే వస్తారని చెప్పేది. మంచం దిగుతాననే మాట మళ్ళీ ఎత్తలేదు.

తమ్ముడే వచ్చాడు, వాన వెలిసిన రోజుల్లో, గుక్కపట్టి ఏడుస్తూ. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక ఒక తెల్లవారుజామున నన్ను లేపి వాకిట్లోకి తీసుకెళ్ళింది. నీళ్ళు చల్లి, నడుంమీద చెయ్యి పెట్టుకొని పైకి చూసింది. "మీ నాన్న వేసిందే బాగుందే," అని ముగ్గుకు వంగింది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళతాను. తెచ్చిన పళ్ళు బల్లమీద పెట్టేసి, వాళ్ళ దిండు పక్కన తల ఆనించి ఒకసారి పైకి చూస్తాను. ఈవిడకేమైనా పిచ్చా అని నర్సులు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. అక్కడినుంచి ఏం కనిపిస్తోందో చూశాకే, ఎలా ఉన్నావని అడగడానికి నాకు నోరొస్తుంది.