ముళ్లతోక బల్లి

పోయిన ఎండాకాలం నాయనమ్మతో సిరొంచ అంగడికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులకు బల్లి నూనె అమ్మేవాడి ముందు ఆమె ఆగింది. దుప్పటి మీద బతికున్న బల్లులు కదలకుండా పడి ఉన్నాయి.

గడ్చిరోలిలో జువాలజీ చదువుతున్నాను కదా, గొప్పగా చెప్పాను. "ఇది ఉడుము కాదు నాయనమ్మా, ఎడారి బల్లి. తోక నిండా ముళ్లుంటయ్. గడ్డే తింటది. జర అలికిడైతే చాలు, బొరియలకు ఉరుకుతది."

"మరి గింతమందిల ఉరుకుతలేదేందే?"

ఒకదాన్ని వేలితో తాకాను. ముందుకాళ్లతో దుప్పటిని గీరింది. వెనుకకాళ్లు కదల్లేదు.

"నడుములు ఇరగ్గొట్టినం చెల్లె, లేకుంటే ఆగుతయా?" నవ్వాడు అమ్మేవాడు.

నాయనమ్మ నూనె కొనలేదు. ఇప్పటికీ ఆమె నేలకు చేతులానించి, కాళ్లీడ్చుకుంటూ లేస్తుంటే, నాకు దుప్పటి మీద ఆ గోళ్ల చప్పుడే వినిపిస్తుంది.