ఈరమ్మ లెక్కపెట్టని గొర్రె

1961 జూన్‌లో నన్ను తాండూరులోని స్త్రీల శిక్షణ కేంద్రానికి అల్లికల టీచరుగా వేశారు. మాది గుడివాడ వైపు. ఉద్యోగం ఆ ఊళ్లో దొరికింది గాని నా మాట ఆ ఊరిది కాదు. కూరగాయల అంగట్లో నేను నోరు తెరిస్తే ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారనుకోవచ్చు గాని, నవ్వాక ఎవరూ మాట కలిపేవాళ్లు కాదు. సాయంత్రం కేంద్రం మూస్తే మర్నాటి దాకా నాకు మనిషి పలుకు ఉండేది కాదు.

ఆ ఏడు మా పాఠాల్లోకి కొత్తగా దూది బొమ్మల అల్లిక వచ్చింది. బొమ్మంటే చూసేవాళ్లకు కళ్లూ మూతీ గుర్తొస్తాయి. అల్లేవాళ్లకు మాత్రం తల ఒక గోళం, కాలు ఒక గొట్టం, చెవి ఒక శంకువు. క్రోషియా సూదితో నడిమి నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, వరుస వరుసకీ సమంగా కుట్లు పెంచుకుంటూ పోతే బిళ్ల అవుతుంది. పెంచడం ఆపితే అంచు లేచి గిన్నె అవుతుంది. అంతే సమంగా తగ్గిస్తే గోళం మూసుకుంటుంది. మూసుకునేలోపు దూది కూరాలి. ఇందులో కళ తక్కువ, లెక్క ఎక్కువ. లెక్క తప్పితే గోళం కాస్తా వంకాయ అవుతుంది.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఈరమ్మ బంట్వారం వైపు గొర్రెలు కాసే ఇంటి పిల్ల. భర్త పోయాక అన్న ఇంట్లో ఉండేది, వదినకు బరువైంది. శిక్షణ చివరి పరీక్ష నెగ్గితే వికారాబాద్ కేంద్రంలో సహాయకురాలి ఉద్యోగం, నెగ్గకపోతే మళ్లీ ఆ వదిన గడపే. తాండూరులో దూరపు చుట్టాలింట్లో ఉంటూ, సాయంత్రాలు నా గదికొచ్చి అల్లుకునేది. జొన్నరొట్టె తనే చేసేది, ఇద్దరం తినేవాళ్లం. ఆ వేళ కోసం నేను పగలంతా ఎదురుచూసేదాన్ని.

ఆమె గోళాలు చక్కగా, గుండ్రంగా వచ్చేవి. పరీక్షకు గొర్రె బొమ్మ చేయమన్నారు, అక్కడ వచ్చింది చిక్కు. నాలుగు కాళ్లు నాలుగు రకాలుగా వచ్చాయి. విప్పించి మళ్లీ అల్లించినా అంతే. గట్టిగా అడిగితే చెప్పింది: "గొర్రెను లెక్కవెట్టొద్దు టీచరమ్మా. లెక్కవెడితే మంద తరుగుతది. మా నాయిన సుత మొకాలు జూసి ఏది రాలేదో జెప్తడు గని, లెక్కవెట్టడు."

ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత పరీక్ష పోతుందేమోనని భయమేసింది. తాతల నాటి నమ్మకాన్ని వాదించి పోగొట్టడం నా వల్ల అయ్యే పని కాదు. "ఇది గొర్రె కాదు. నాలుగు గొట్టాలు, రెండు గోళాలు. కుట్టి కలిపాకే గొర్రె. అప్పుడు నేను లెక్క అడగను" అన్నాను. ఆమె సూది అందుకుంది. ఈసారి కాళ్లు సమంగా వచ్చాయి.

పరీక్షకు వచ్చిన అధికారిణి బొమ్మను బల్ల మీద నిలబెట్టి చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని, పొట్ట నడిమి వరుసలో కుట్లు లెక్కపెట్టి చూపించమంది. కుట్టి కలిపాక అది గొర్రె. ఈరమ్మ దాని మీద వేలు పెట్టలేదు. ఆవిడ ముఖం మారింది. ఎవరో చేసిపెట్టిన బొమ్మ అనుకుంటున్నదని నాకు అర్థమైంది. అభ్యర్థి బదులు టీచరు జవాబు చెప్పకూడదని నియమం. అందుకని, ఎదురుగానే కొత్త గోళం ఒకటి అల్లించి లెక్క చెప్పించుకోమని మాత్రం కోరాను. ఆవిడ గడియారం చూసుకుని, ఇష్టం లేకుండానే ఒప్పుకుంది. ఈరమ్మ ఒక్కొక్క కుట్టూ పైకి లెక్క చెబుతూ అల్లింది. మూసిన గోళాన్ని ఆవిడ బల్ల మీద పెడితే దొర్లి వెళ్లి కింద పడింది.

నెల తిరక్కుండా ఈరమ్మ పేర వికారాబాద్‌కు ఉత్తర్వు వచ్చింది. స్టేషన్లో రైలెక్కుతూ ఈరమ్మ, "ఇగ మీకు రొట్టె ఎవరు జేస్తరు?" అంది. అన్నం వండుకుంటాలే అన్నాను. ఆ పూట వండుకోలేదు.

వికారాబాద్ ఏమంత దూరం కాదు, ధారూర్ దాటితే వచ్చేస్తుంది. అయినా ఉద్యోగంలో పడ్డాక ఆమెకు తీరలేదు, పిలవకుండా వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. పని ఎంత బాగా నేర్పితే మనిషి అంత తొందరగా వెళ్లిపోతుందని తాండూరులో తెలుసుకున్నాను. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, నేర్పడంలో ఎక్కడా లోటు చేయలేదు. ఏ శిష్యురాలినీ ఇంటికి మాత్రం రమ్మనలేదు.