చిచ్చా పేరు పక్కన నేను రాసిన అంకె

చిచ్చా పోయాడని శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల నుంచి ఫోనొచ్చింది. ఇక్కడ దోహాలో, అల్ మన్సూరాలోని మా ఫ్లాటులో అప్పుడే భోజనాలకు కూర్చున్నాం. ఫోను చేసింది ఆయన కూతురు. "అంకుల్, మా అబ్బా పోయిండంకుల్. పొద్దుగాల నమాజుకని లేసిండు. నల్ల కాడ కాళ్ళు కడుక్కుంటనే పడిపోయిండు. తలల నరం పలిగిందన్నరు" అంది. ఎడమచేతిలో రిసీవరు, కుడిచేతికి పప్పన్నం, అలాగే నిలబడిపోయాను.

అలాంటప్పుడు ఎవరైనా అనే మాట ఒకటుంటుంది. అది నాకు తట్టలేదు. "బీపీ ఎంతుందమ్మా?" అని అడిగాను. పద్నాలుగేళ్ళుగా మందులిచ్చి బతుకుతున్నవాడి నోరు మరి.

"ఆయన బీపీ ఎవలు సూస్తరంకుల్? ఆయనే అందరియి సూసెటోడాయె. అయినా మీ కంపెనీ ఇచ్చిన కాయితంల అంత మంచిగనే ఉండె గదా? మరి గిట్లెట్లయింది?"

లైను సరిగ్గా వినపడటం లేదని చెప్పి పెట్టేశాను. లైను బాగానే ఉంది. ఆ పిల్ల అడిగినదానికి జవాబు నాకు తెలుసు. చిచ్చా పోయాక ఆ జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఖతార్‌లోనే మెసయీద్ అనే చోట మా కంపెనీ క్యాంపుకి ఒక చిన్న క్లినిక్ ఉండేది. ఆయన అందులో కాంపౌండరు, నేను ఫార్మసిస్టుని. డాక్టరు దోహా నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో జ్వరమొచ్చినా, వేలు నలిగినా, ఇంటి మీద బెంగ పుట్టినా క్యాంపు మొత్తానికి దిక్కు ఆయనే. చిచ్చా అంటే ఉర్దూలో బాబాయ్. కేరళవాళ్ళు, నేపాలీలు, ఆఖరికి ఫోర్‌మన్ కూడా ఆయన్ని అలాగే పిలిచేవారు.

నాది తెనాలి. చేరిన మొదటిరోజు "మీదే ఊరండీ?" అని అడిగితే, "ఆ అండీ గిండీ పక్కకు వెట్టు తమ్మీ. ఈడ ఎండకే సగం సచ్చినం, మిగిలిన సగం నీ మర్యాదకు సావాల్నా?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను తమ్మీని. మధ్యాహ్నం తను చేసుకొచ్చిన పచ్చిపులుసు నా గిన్నెలో వంచేవాడు. మా వైపు దీన్ని పులుసు అనరు చిచ్చా, కాచడం మర్చిపోయారంటారు అని నేను ఏడిపించేవాణ్ణి. "కాగవెట్టుడెందుకు? ఈ దేశంల బయట వెడితె అదే కాగుతది" అనేవాడు.

స్టెతస్కోపు బిళ్ళని ఎవరి గుండె మీదా చల్లగా పెట్టేవాడు కాదు. అరచేతిలో రుద్ది, వెచ్చబడ్డాకే పెట్టేవాడు. సూది వేసేముందు బిస్మిల్లా అనుకునేవాడు. ఎదుటివాడు హిందువైతే, "నీ దేవున్ని నువ్వు తల్సుకో, నా అల్లాను నేను తల్సుకుంట. ఇద్దర్ల ఎవలో ఒకలు ఖాళీగుంటరు" అనేవాడు. వాడు నవ్వేలోగా సూది దిగిపోయేది.

సూరత్‌లో ప్లేగు పుట్టిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. ఇండియాలో ఉన్నవారు మూతికి గుడ్డ కట్టుకున్న జనాన్ని పేపర్లో చూసి ఉంటారు. మాకు ఇక్కడ కనపడింది వేరు. ఇండియా నుంచి విమానాలు ఆగిపోయాయి. విమానాలు లేకపోతే ఉత్తరాల సంచులు లేవు. మెస్సులో మా బల్ల దగ్గరకు వేరే దేశాలవాళ్ళు రావడం మానేశారు. నిన్నటిదాకా ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు "తాఊన్, తాఊన్" అంటూ ముక్కు మూసుకుని పక్కనుంచి పోయేవాళ్ళు. తాఊన్ అంటే ప్లేగు. రెండేళ్ళుగా ఊరి ముఖం చూడనివాడికి సూరత్ నుంచి ప్లేగు ఎలా వస్తుందో ఎవరూ ఆలోచించలేదు. మహమ్మారి పేరు చెబితే చదువుకున్నవాడి బుర్ర కూడా పనిచెయ్యదు.

పొద్దున్నే బస్సెక్కే ముందు క్యాంపులోని ఇండియా వాళ్ళందరికీ జ్వరం చూడాలని కంపెనీ ఆర్డరు వేసింది. ఒళ్ళు వెచ్చగా ఉంటే గేటు పక్కన రేకుల క్యాబిన్‌లో ఒంటరిగా ఉంచాలి. థర్మామీటర్లు పన్నెండు, మనుషులు వందల్లో. నోట్లో పెడితే కడగలేక చస్తామని చంకలో పెట్టించేవాడు చిచ్చా. క్యాబిన్ అంటే హడలిపోయి మనవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. చంకలో ఐసుముక్క ఇరికించుకుని వరసలో నిలబడేవారు. "ఏం రా, క్యాంపు మొత్తంల నీ చంకలనే వాన వడ్డదా?" అని, చొక్కా తడిసిన ప్రతివాణ్ణీ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. తిట్టేవాడు కాదు. పిల్లలెందరు, చిన్నోడు నడుస్తున్నాడా, బావిలో నీళ్ళున్నాయా అని కబుర్లు పెట్టి, ఒళ్ళు ఆరాక మళ్ళీ థర్మామీటరు పెట్టేవాడు. "ముందుగాల ముచ్చట, ఎన్క మీటరు" అనేది ఆయన పద్ధతి. అవతల బస్సు హారన్ మోగుతుండేది. ఫోర్‌మన్ యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తుండేవాడు. ఆ అరుపులన్నీ ఆయన ఒక్కడి మీదే.

కడప మనిషి ఒకాయనకి నిజంగానే జ్వరం వచ్చింది. మామూలు పడిశం జ్వరమని చిచ్చాకు తెలుసు, అయినా క్యాబిన్‌లో ఉంచక తప్పలేదు. అతను అక్కడున్న నాలుగు రోజులూ చిచ్చా మధ్యాహ్నం భోజనం ఆ క్యాబిన్ కిటికీ దగ్గర, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని చేశాడు. లోపల వాడు, బయట ఈయన. "ఒక్కడే తింటె అరగదు తమ్మీ" అన్నాడు నాతో. నేను క్లినిక్‌లో ఒక్కణ్ణే తిన్నాను. నాకు అరిగింది. అప్పట్లో నేను అలాంటివాణ్ణి.

మా క్యాంపులో ఒక్కరికీ ప్లేగు రాలేదు. వేరేవి వచ్చాయి. రెండోవారం నుంచి గుండె పట్టేసిందని ఒకడు, అన్నం గొంతు దిగడం లేదని ఇంకొకడు, ఊపిరి అందడం లేదని మరొకడు. డాక్టరు చూసి ఏమీ లేదనేవాడు. నిజామాబాద్ వైపు క్రేన్ ఆపరేటర్ ఒకతను ఉండేవాడు. భార్యకు నెలలు నిండాయి, ఉత్తరం లేదు. ఒక పొద్దున అతని కుడిచెయ్యి భుజం దాకా లేవడం మానేసింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక నిక్షేపంలా ఉంది. "ఈనికి నొప్పి చేతుల లేదు తమ్మీ, ఇంటికాడున్నది" అన్నాడు చిచ్చా.

అప్పటికి ఊళ్ళో ఫోన్లెక్కడివి? చదువు రాని ఇళ్ళకి క్యాసెట్టులో మాట్లాడి పంపడం గల్ఫులో అందరికీ అలవాటే. టపా లేదు కదా అని అదీ మానేశారు. చిచ్చా తన టేపు రికార్డరు తెచ్చి కట్లు కట్టే గదిలో పెట్టి, ఆ క్రేన్ ఆపరేటర్‌ని లోపలికి పంపాడు. "టపా తెరిచిన్నాడు పోతది. నువ్వైతె చెప్పు" అని తలుపు మూశాడు. అరగంట తర్వాత అతను బయటికొచ్చి కుడిచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి లేచిందని అతనికే తెలియలేదు. మేమిద్దరం చూశాం.

ఆ తర్వాత ఆ గది ముందు రోజూ వరసే. క్యాసెట్లు వేడికి పాడవుతాయని చిచ్చా వాటిని తెచ్చి నా మందుల ఫ్రిజ్‌లో, ధనుర్వాతం ఇంజెక్షన్ల పక్కన పేర్చాడు. అది రూలు కాదని నేను ఎగిరిపడ్డాను. "ఇవి గుడ మందులే తమ్మీ. నీ పుస్తకంల పేర్లు లెవ్వు, గంతే" అన్నాడు.

ఆయనకేదో అయిందని నాకు ముందు తెలిసింది పచ్చిపులుసు వల్లే. తేవడం మానేశాడు. అడిగితే కడుపులో మంట అన్నాడు. బస్సులు వెళ్ళగానే బాత్రూములోకి పోయి కక్కుకోవడం వినపడేది. ఒక పొద్దున థర్మామీటరు విదిలించబోయి, తూలి దాన్ని గోడకు కొట్టాడు. పాదరసం గుండ్లు గుండ్లుగా నేలంతా పరిగెత్తింది. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక బల్ల అంచు పట్టుకుని కూలబడ్డాడు. బలవంతాన బీపీ పట్టీ చుట్టి చూశాను. నూట తొంభై అయిదు, నూట పదిహేను.

క్లినిక్‌లో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం కూడా వారం వారం రిజిస్టరులో రాసి దోహా పంపాలి. ఆ రిజిస్టరు నా దగ్గరుండేది. ఆ అంకె పంపితే ఆయన్ని అన్‌ఫిట్ అని పక్కన పెట్టేస్తారు, విమానాలు తెరిచాక ఇంటికి పంపేస్తారు.

"నూట ముప్పై, ఎనభై అయిదు అని రాయి" అన్నాడు.

"నేను రాయను చిచ్చా. మీరు పడిపోతారు."

"నన్ను పండవెడితె రేపు పొద్దుగాల వీళ్ళను ఎవలు సూస్తరు? నువ్వా? నీకు సీసాల మీది చీటీ సదువుడే వస్తది, మనిషి మొఖం సదువుడు రాదు. ఒక్క వారమే తమ్మీ. టపా రాంగనే నేనే చెప్త డాక్టర్‌కు."

రాశాను. ఆయన కోసం రాస్తున్నానని, క్యాంపు కోసం రాస్తున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. చాటుగా మాత్రలిచ్చాను. నా ఎదురుగా మింగేవాడు. మీరూ ఒక క్యాసెట్టు చెప్పండి చిచ్చా, తేలికవుతుంది అని ఒకసారి అన్నాను. "నేను జెప్తె ఇంట్ల ఇనేటోళ్ళకు వట్కుంటది ఈ రోగం" అని మాట మార్చేశాడు.

టపా వచ్చింది. సంచులు విప్పిన రోజు క్యాంపులో ఏడవని మగాడు లేడు. క్రేన్ ఆపరేటర్‌కి ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. ఆ సందడిలో చిచ్చా డాక్టరుకు చెప్పలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. మళ్ళీ వారం అదే అంకె రాశాను. ఆ తర్వాత వారమూ అదే. "మన రిజిస్టర్ల నేను పహిల్వాన్‌ను" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. రెండున్నరేళ్ళ తర్వాత ఆయన పని మానుకుని వెళ్ళేటప్పుడు ఫిట్‌నెస్ కాగితం ఆ రిజిస్టరు చూసే తయారైంది. నింపింది నేను. డాక్టరు చదవకుండా సంతకం పెట్టాడు. ఆరునెలల మాత్రలు ఆయన పెట్టెలో సర్ది, అవి అయిపోగానే అక్కడ డాక్టరుకి చూపించుకుంటానని ఒట్టు వేయించుకున్నాను. ఊళ్ళో అందరి బీపీ చూడటం మాత్రం మొదలుపెట్టాడని తర్వాత ఉత్తరాల్లో తెలిసింది.

మనుషుల ముఖం చూసి మందివ్వడం నాకు నేర్పింది ఆయనే. ఈరోజు ఎవరైనా కడుపునొప్పి అని వస్తే ముందు ఇంటి సంగతి అడుగుతాను. అంత నేర్పిన మనిషికి నేను తిరిగి ఇచ్చింది ఒక దొంగ అంకె. ఫోను వచ్చిన వారమంతా నాకే గుండెదడ పట్టుకుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళి, బీపీ ఉన్నది ఉన్నట్టు రాయించుకుని, మాత్రలు మొదలుపెట్టాను. ఈ చిన్న పని ఆయనతో చేయించలేకపోయానని దారంతా ఏడ్చాను.

ఇదంతా ఇక్కడ రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. వాళ్ళమ్మకు తెలుగు చదవడం రాదు. అయితే రాయడం కన్నా ముందు, ఆ అమ్మాయికి చెప్పాలి కదా. మరుసటి శుక్రవారం నేనే ఫోన్ చేసి మొదటి నుంచీ చెప్పాను, అంకెలతో సహా. ఈసారి లైను బాగాలేదని నేను అనలేదు.

"అమ్మీ దవాఖానకు పోదాం పా అంటె, అబ్బా ఆ కాయితం తీసి సూపెట్టెటోడు" అంది ఆ అమ్మాయి. "'ఇగో, దుబాయ్ డాక్టర్ దస్కతు చేసిండు, నాకేం రోగం?' అని నవ్వెటోడు. మేం గుడ నవ్వినమంకుల్."

వాళ్ళకి గల్ఫంతా దుబాయే. ఖతార్‌లో నేను నింపిన కాగితం అది.

"తప్పు నాదమ్మా" అన్నాను.

ఆమె కాదనలేదు. "ఆయనకు ఎర్కనే గదా అంకుల్?" అని అడిగింది.

"అందరికన్నా ఆయనకే బాగా తెలుసమ్మా."

"అమ్మీకి చెప్పకుండ్రి. ఆమె అసలే నాలుగు రోజులసంది మంచం దిగుతలేదు."

అంతలో లోపలి నుంచి పెద్దావిడ గొంతు నీరసంగా వినపడింది, ఎవరని అడుగుతోంది. ఆ అమ్మాయి రిసీవరు పక్కకి జరిపి ముక్కు చీదుకుంది. "కుచ్ నై అమ్మీ, దుబాయ్ అంకుల్" అంది హుషారుగా. మనం అన్నం తిన్నామా అని అడుగుతున్నారని ఉర్దూలో చెప్పింది. నేనేమీ అడగలేదు.

"ఖా లియే బోల్", తిన్నామని చెప్పు అంది ఆవిడ.

"తిన్నం అంకుల్" అంది ఆ అమ్మాయి నాతో.