ఇంట్లోనే ఉన్నావు గదా

పదకొండో కాలరు విప్పుతుంటే బ్లేడు జారి వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకునే పన్నెండో చొక్కా లాగాను. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పొద్దున సూపర్‌వైజర్, తోటల్లో తగలబెట్టిన చెరుకు మసి రాలిన మా వరండాలో మూట పడేసి, "లార్జ్ చొక్కాలకి స్మాల్ కాలర్లు కుట్టావ్. రేపు సాయంత్రానికి సరిచెయ్. లేకపోతే మెషీన్ వెనక్కి తీసుకెళ్తా" అని వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

తెల్లవాళ్ళతో సమానంగా మేమంతా మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు ఫ్యాక్టరీ సగం మూసేసి, మెషీన్లు చెరుకు తోటల పక్కనున్న మా ఊరు ఒట్టావాలో మా ఇళ్ళకే పంపారు. ఫ్యాక్టరీలో బెల్లు మోగితే కూర్చోవాలి, మోగితే లేవాలి. మధ్యలో బాత్రూముకి పోవాలన్నా చెయ్యెత్తి అడగాలి. ఆ బెల్లుని ఎంత తిట్టుకున్నానో! కానీ అది మోగినన్నాళ్ళు నా కాలరు ఒక్కటీ తిరిగి రాలేదు. ఇంట్లో బెల్లు లేదు, మా అత్త ఉంది.

మొన్న చుట్టాలొస్తున్నారని, నేను సైజుల వారీగా పెట్టుకున్న కాలర్లన్నీ ఆవిడ ఒకే దొంతరగా సర్దేసింది. నేను వంటింట్లో వడలు వేయించి వచ్చి, చూసుకోకుండా కుట్టేశాను.

"నా గుట్టలు ముట్టుకోవద్దన్నాను గదా అత్తా!"

"ఐయో, ఇల్లు సర్దితే తప్పా? ఇంట్లోనే ఉన్నావు గదే. కొంచెం పప్పు చూడు, మాడిపోతది."

"నేను వర్కులో ఉన్నాను!"

"వర్కంటే బస్సెక్కి పోవాలమ్మా. కుర్చీలో కూర్చుంటే వర్కా?"

ఏడుపొచ్చింది. ఏం చేస్తాను, లేచి పప్పు దించాను. అట్నుంచటే పెరట్లోకి పోయి కంచె దగ్గర నిలబడ్డాను. పక్కింటి అక్కది ఫ్యాక్టరీలో నా పక్క మెషీనే. ఇప్పుడు తనూ ఇంట్లోనే కుడుతోంది. నా గోడంతా విని నవ్వింది.

"నీకు అత్త, నాకు మా అమ్మ. పొద్దున్నుంచి మూడుసార్లు కొబ్బరి తురిమించింది."

"నువ్వు మా ఇంట్లో కూర్చుని కుడితే మా అత్త నీకు పని చెప్తదా అక్కా?"

అక్క నవ్వు ఆపింది. "చెప్పదు. టీ ఇస్తది."

"మరి మీ అమ్మ నాకు?"

"బిస్కెట్ కూడా ఇస్తది, పో!"

మర్నాడు ఏడున్నరకి పాత ఫ్యాక్టరీ ఓవరాల్ తొడుక్కుని, చొక్కాల మూట నెత్తిన పెట్టుకుని గేటు తీశాను. అక్క తన మూటతో మా ఇంటికి వస్తూ ఎదురైంది.

"ఎక్కడికే? పొయ్యి మీద అన్నం..." వెనకనుంచి అత్త కేక.

"వర్కుకి, అత్తా!" అని, పోయి అక్క మెషీన్ ముందు కూర్చున్నాను.