నడిమి గదిలో కుర్చీ

కోల్డ్ స్టోరేజీలో పళ్ళ పెట్టెలు చూసుకునే ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పన్నెండేళ్ళుగా షుగరు. చలిగదిలోంచి తీసిన పెట్టెను ఆయన తిన్నగా ఎండలోకి పోనివ్వడు. నడిమి గదిలో అరగంట ఉంచాల్సిందే. లారీ డ్రైవరు హారను మోగించినా ఉలకడు, పలకడు. "ఉన్నట్టుండి ఎండలోకి తెస్తే పండు తట్టుకోలేదయ్యా" అంటూ పసిపిల్లను జోకొట్టినట్టు పెట్టెను తడతాడు. తాను మాత్రం పల్చటి చొక్కాతోనే రోజుకు నలభైసార్లు చలిలోకీ ఎండలోకీ తిరుగుతాడు. భార్య అల్లిన స్వెట్టరు మేకుకు వేలాడుతూ ఉంటుంది.

ఆ మధ్య మండుటెండలోంచి చలిగదిలోకి వెళ్ళినవాడు ఒళ్ళంతా చెమటతో బయటికొచ్చాడు. నొప్పేం లేదు, కాస్త ఆయాసమంతే అన్నాడు. భార్య వినకుండా ఆసుపత్రికి లాక్కెళ్ళింది. "షుగరున్నవాళ్ళకి గుండె ఇబ్బందిపడుతున్నా ఒక్కోసారి నొప్పి తెలీదండీ. వేడీ చలీ ఒక్కసారిగా మారితే దానికి మరీ భారం" అంది డాక్టరమ్మ. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం ఎన్నాళ్ళుంటుందో భార్యకు తెలుసు. "పండుకి అరగంట ఇస్తారు, మీకు పావుగంట ఇచ్చుకోలేరా?" అంది.

నెల తర్వాత పనిలోకొచ్చేసరికి నడిమి గదిలో పెట్టెల పక్కన ఒక కుర్చీ, దాని మీద స్వెట్టరు ఉన్నాయి. ఎవరు పెట్టించారో ఆయన అడగలేదు. చలిగదిలోంచి వచ్చినప్పుడల్లా అందులో కూర్చుంటున్నాడు. ఇవాళ డ్రైవరు పెట్టెలు ముట్టి చూసి, "ఎత్తేయమంటావా బాబాయ్?" అన్నాడు.

"ఎత్తెయ్. అవి తేరుకున్నాయి" అన్నాడాయన, కుర్చీలోంచి కదలకుండా. "నాకే ఇంకా అయిదు నిమిషాలుంది."