జాబితాలో చేరని తొమ్మిది బొమ్మలు

బర్మాలోని చిమిండైంగ్‌లో మా పక్క వాటావాళ్లు రోజూ సాయంత్రం హారతి ఇస్తారు. కర్పూరం వాసన గోడ దాటి వస్తుంది. అందరికీ అది దేవుడి గది వాసన. నాకు మాత్రం సినిమా గోదాము వాసన. పాతకాలపు ఫిల్ములో కర్పూరం కలిపేవారు. డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలేది. నిప్పంటుకుంటే ఆ ఫిల్మూ కర్పూరంలాగే ఏమీ మిగలకుండా పోయేది. ఈ సంగతి నాకు చెప్పినవారు అప్పలస్వామి గారు.

అరవై ఒకటిలో, నా పందొమ్మిదో ఏట, ఆ గోదాములో గుమాస్తాగా చేరాను. ఆయన నా పైఅధికారి. బర్మావాళ్లు మర్యాదగా ఊ అప్పల అనేవారు, నేను బాబాయ్ అనేదాన్ని. హాళ్ల నుంచి తిరిగివచ్చిన ప్రతి రీలునూ ఆయన వేళ్ల మధ్య నుంచి చివరిదాకా లాగేవారు. అంచు చిరిగిన చోటల్లా ఆగి చెబితే నేను రాసుకోవాలి. మొదటి వారం నేనే ఒక రీలు చూడవలసి వస్తే, సగం లాగి, బాగుందని రాసేశాను. ఆయన పుస్తకం వెనక్కి తోశారు.

"ఏటే నూకాలూ, నీ మనసు సెప్పింది రాసీసినావా? ఏలికి తగిలింది రాయి. ఏలు అబద్దమాడదు."

ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నడిపాను.

సినిమాకు మాటలు రాని కాలపు అమెరికా డైరెక్టరొకడంటే ఆయనకు ప్రాణం. అతని సినిమా ఒక్క రీలు మా దగ్గర మిగిలి ఉండేది. మధ్యాహ్నం టీ తాగుతూ, పాత పత్రికల్లో అతని ఫోటో చూపిస్తూ, వాటిలో చదివిన అతని జీవితం చెప్పేవారు. ఊరూరా తిరిగే నాటకాల జట్టులో వేషగాడిగా మొదలుపెట్టాడు. తర్వాత వారానికొక చిన్న సినిమా తీశాడు, ఎండ ఎటు పడితే అటు కెమెరా తిప్పుకుంటూ. మాటల సినిమా రాగానే కంపెనీ పక్కన పెట్టింది. చివరికి ఇతరుల సినిమాల్లో గుంపులో నిలబడి, అద్దెగదిలో పోయాడు. అతని పేరు ఇక్కడ రాయను. ఆ పత్రికలు ఇప్పుడు లేవు, బాబాయ్ పలికిన తీరు తప్ప నాకు వేరే ఆధారం లేదు.

"నీకు మేనమామేటి బాబాయ్, అంత బాధ?" అన్నానొకసారి.

"మేనమామైతే ఇంతలా తలుసుకుంటానేటే?"

తర్వాత సైనిక ప్రభుత్వం వచ్చి, దేశం తలుపులు మూసుకుంది. మనవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోతున్నారు. అనుమతి కాగితం లేని పాత విదేశీ ఫిల్ములకు జాబితా రాసి పంపమని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. వాటిని కాల్చేస్తారు. ఆ డైరెక్టరు రీలు కొలిచి తొమ్మిదివందల నలభై అడుగులని రాయబోతుంటే బాబాయ్ నా పక్కన కూర్చున్నారు.

"దీన్ని కాళీ ఫిల్మని రాసీ, నూకాలూ. ఎవుడు సూస్తాడు?"

"బొమ్మలున్నాయి కదా బాబాయ్."

"ఉన్నాయి."

"ఏలు అబద్దమాడదన్నావు."

ఆయన చాలాసేపు డబ్బా మూత తుడిచారు. "అన్నాను. రాయి మరి."

రాశాను. భయపడి రాశానని చెప్పుకుంటే తేలికగా ఉంటుంది. భయం కాదు, గర్వం. ఆయన మాటతో ఆయన్నే ఓడించానన్న గర్వం. మూడో రోజున వ్యాను వచ్చి డబ్బాలు తీసుకుపోయింది. ఆ డైరెక్టరు ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఎనభై ఎనిమిదిలో, జనం ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లోకి వచ్చిన వానాకాలంలో, ఆయన ఏటికి అవతల తాకేటాలో పోయారు. బస్సులు లేవు, వంతెన దగ్గర సైనికులు. నేను చేరేసరికి పదకొండో రోజు. ఆయన కూతురు ఒక పౌడరు డబ్బా నా చేతిలో పెట్టింది.

"నాన్న దాసుకున్నాడక్కా. ఎవులికీ సెప్పొద్దన్నాడు. నీకు మరీ సెప్పొద్దన్నాడు."

"మరెందుకిచ్చావు?"

"ఇదేటో ఇంకెవులికి తెలుస్తాది?"

లోపల తొమ్మిది బొమ్మలున్న ఫిల్ము ముక్క. సంతలో గుంపు, ఒక అంచున టోపీ చేత్తో పట్టుకున్న మనిషి. బాబాయ్ పత్రికలో చూపించిన ముఖమే. ఇతరుల గుంపుల్లో నిలబడక ముందే తన సినిమాలో తానే ఒకసారి నిలబడ్డాడన్న మాట. తెర మీద అర సెకను. ఆ అర సెకనులో టోపీ కదలనైనా కదలదు.

నేను కొలిచాక, వ్యాను వచ్చేలోగా, బాబాయ్ ఆ రీలు నుంచి కత్తిరించారు. అంటే నా జాబితాలోని అడుగులు దాదాపు ఏడంగుళాలు తప్పు. నా దగ్గరున్న జాబితా నకలులో, తప్పని తెలిసీ నేను దిద్దని అంకె అదొక్కటే. ఆ డబ్బా ఉన్న గదిలో ఇప్పటికీ కర్పూరం వెలిగించను.

నాతో ఒక్క మాట చెప్పి కత్తిరిస్తే ఏం పోయేదని కొన్నేళ్లు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు లేదు. చెప్పి ఉంటే, ఆ ముక్కనూ జాబితాలో రాసేసేదాన్ని.