అందాలత్తకు వెళ్లిన మెసేజ్

చచ్చిపోయిన మనిషికి "రేపు నీ ఆపరేషన్, పరగడుపున రా" అని కబురు పంపినవాళ్లను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ ఘనురాలిని నేనే. పంపింది ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా కాదు, మా సొంత అందాలత్తకు. పోనీ అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఒక కంటి దవాఖానకు ఏనాడో వచ్చి వెళ్లినవాళ్లందరినీ ఒక్క పూటలో మళ్లీ పిలిచాను. మా ఇళ్లలో పెళ్లికి కూడా ఇంత నిండుగా పిలవరు. మీరు నవ్వదలిస్తే నవ్వండి. నా ఏడుపు ఎప్పుడో అయిపోయింది.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. ఆదిభట్లలో ఆఫీసు, ఇబ్రహీంపట్నంలో ఇల్లు, మధ్యలో కంపెనీ బస్సు. మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చారు. నేను దాన్ని కూరగాయల మార్కెట్టుకు కూడా వేసుకొని పోయేదాన్ని. ప్రపంచంలోని తెలివంతా ఆ కార్డుకే వేలాడుతోందని నా నమ్మకం.

సాగర్ రోడ్డు మీది ఆ కంటి దవాఖాన మా కంపెనీకి ఒక పని అప్పజెప్పింది. ఏళ్ల తరబడి వచ్చిన రోగుల వివరాలన్నీ ఒకేచోట పోసి ఉంటాయి. దాన్ని మేము డేటా లేక్ అంటాం, అంటే చెరువే అనుకోండి. అందులో ఒక పట్టిక. ఎవరి పేరైనా "రేపటి ఆపరేషన్" కిందికి మారగానే ఆ మార్పు చెరువులోంచి కాలువలో పడాలి, కాలువలోంచి మెసేజ్‌గా ఆ రోగి ఫోనుకు చేరాలి. అదివరకు ఈ పని ఒక నర్సమ్మ చేసేది, ఒక్కొక్కరికీ ఫోన్ కొట్టి. మెసేజ్‌లో మాటలు కూడా నేనే రాశాను: "ఫలానా గారూ, మీ కంటి ఆపరేషన్ రేపు ఉదయం ఎనిమిది గంటలకు. పరగడుపున రండి." తేదీ వేయలేదు. రేపు అన్నాక ఇంకా తేదీ ఎందుకని నా తెలివి. ఈ ముక్క కొంచెం గుర్తు పెట్టుకోండి.

ఇక మా పెంటయ్య మామ. మా అమ్మకు అన్న, మా పక్కిల్లే. ఇబ్రహీంపట్నం డిపోలో బస్సు నడిపి రిటైరయ్యాడు. సాగర్ రోడ్డు మీద ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు కళ్లు తెరిచినా గోడ పట్టుకొనే నడుస్తున్నాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే మాత్రం వినడు.

ఎందుకు వినడో ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు ముందటేడు ఆయన భార్య అందాలత్త ఇదే దవాఖానలో పేరు రాయించుకుంది. ఆమెకు వేరే ఫోను లేదు, మామ నంబరే ఇచ్చింది. రేపు రమ్మని నర్సమ్మ ఫోన్ చేసిన పొద్దున చీర, టవలు సంచిలో సర్దుకొని, "ఎల్లుండి నీ మొఖం సక్కగ జూస్త, అప్పుడు చెప్త నీ సంగతి" అని మామను ఆటపట్టించింది. ఆ మధ్యాహ్నమే గుండె ఆగిపోయింది. దవాఖానలో పేరు కొట్టేయించింది నేనే. మామ ఆ సంచిని మేకుకు తగిలించి ఎవర్నీ ముట్టనివ్వలేదు.

"మామా, ఇంకో రెండు నెలలు ఆగితే కుడి కన్ను ఇగ రాదంటున్నరు డాక్టరమ్మ."

"రాకపోతె రాకపాయె."

"గట్లంటే ఎట్ల మామా?"

"ఆమె జూడని సూపు నాకెందుకు బిడ్డా?"

నేను మెడలో కార్డు సర్దుకొని బస్సుకు పోయాను.

కాలువ తెరిచే రోజు వచ్చింది. కంపెనీ బస్సు ఐదున్నరకు కదులుతుంది. తప్పిందంటే షేర్ ఆటోలో ఇరుక్కొని పోవాలి. ఐదూ ఇరవై అయింది. మా టీమ్ లీడ్ సుబ్బారావుగారు, గుంటూరువైపు మనిషి, తన సీట్లోంచే అడిగారు.

"సరితగారూ, అయిపోయిందా అండీ?"

"ఒక్కటి నొక్కుడే ఉన్నది సార్."

"ఎక్కణ్నుంచి మొదలవుతుందో ఒకసారి చూసుకోండమ్మా."

"చూసిన సార్!"

నేను చూసింది గోడ గడియారాన్ని. తెర మీద రెండే మాటలున్నాయి: "ఇప్పటినుంచి", "మొదటినుంచి". ఏ పనైనా మొదటినుంచి చేస్తేనే పద్ధతని చిన్నప్పుడు మా అమ్మ నెత్తిన మొట్టి మరీ చెప్పింది. మొదటినుంచి నొక్కి, బ్యాగు భుజాన వేసుకొని బస్సుకు ఉరికాను.

"ఇప్పటినుంచి" నొక్కి ఉంటే కొత్తగా వచ్చే నీళ్లే కాలువలో పడేవి. నేను తూమును అడుగునుంచి ఎత్తాను. దవాఖాన పుట్టినప్పటినుంచి ఆ పట్టికలో జరిగిన ప్రతి మార్పూ ఆ రోజే జరిగినట్టుగా బురదతో సహా బయటికి పోయింది. తేదీ లేని ఆ "రేపు" అందరికీ మర్నాడే అయి కూర్చుంది. పేరు కొట్టేసిన మార్పులు కూడా పోయాయి గానీ, వాటికి మెసేజ్ లేదు. రావద్దని చెప్పే మాట రాయాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఇల్లు చేరేసరికి మామ అరుగు మీద ఫోను పట్టుకొని కూర్చున్నాడు.

"సరితా, గిదేందో టింగుమన్నది. జర సదువు."

చూడగానే నా దవాఖాన మెసేజ్! నా ఒళ్లు పొంగిపోయింది. "మామా, గిది నేను జేసిందే! ఇగ నర్సమ్మలు ఫోన్లు కొట్టుడు బంద్. ఇను, సదువుత," అని గొంతు సవరించుకొని వీధికంతా వినబడేలా మొదలుపెట్టాను. "అందాలు గారూ, మీ కంటి..."

పేరు చూసి అక్కడే ఆగాను.

"ఆగినవేంది?"

"ఏం లేదు మామా. ఏదో కంపెనీ మెసేజ్."

"అందాలు అన్నవ్. నాకు కండ్లు లేవు గని చెవులున్నయ్. సదువు."

చదివాను. నా జీవితంలో అంత పొడుగు మెసేజ్ ఇంకోటి చదవలేదు. మామ "పరగడుపున రమ్మన్నరా?" అని మాత్రం అడిగాడు. అవ్ అన్నాను. నా చేతిలోంచి ఫోను తీసుకొని లోపలికి వెళ్లిపోయాడు. ఆ అరుగు అక్కడే రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అది చీలలేదు. సుబ్బారావుగారి ఫోన్ వచ్చింది.

"సరితగారూ, ఎక్కణ్నుంచి తెరిచారండీ?"

"మొదటినుంచి... సార్."

"నేను మూసేశాలెండి. రావద్దని ఇంకో మెసేజ్ కూడా పంపించా. అయినా జనం వస్తారు. పొద్దున ఏడింటికల్లా మీరు ఆ దవాఖాన గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టి పంపించాలి."

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాళ్లు కడగడానికి మండలమంతటినీ రప్పించాను. ఏడింటికే వరస రోడ్డు దాకా ఉంది, అందరూ పరగడుపున. ఆకలి మీదున్న మనిషికి క్షమాపణ చెప్పి చూడండి, తెలుస్తుంది. రావిర్యాల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నా కార్డు పట్టుకొని దగ్గరికి లాగింది.

"నాకు రెండు కండ్లూ అయినయ్ బిడ్డా. ఇగ మూడోదానికి పిలిచినవా? యాడున్నదో నువ్వే సూపియ్."

"తప్పయింది అవ్వా."

"తప్పయితే చాయ తాపియ్."

తాపించాను. ఆమెకూ, ఆమె వెనక ఉన్నవాళ్లకూ. కార్డు తీసి బ్యాగులో వేసుకున్నాను.

ఆ వరసలో, భుజాన మేకు మీది సంచితో, మా మామ నిలబడి ఉన్నాడు.

"మామా! నువ్వెందుకొచ్చినవ్? గది తప్పు మెసేజ్. నేనే జేసిన."

"ఎర్కనే. నిన్న నీ గొంతు ఇనంగనే ఎర్కయింది."

"మరి?"

"మీ అత్త ఏదన్న దండుగ జేసిందా ఎన్నడన్న? మిగిలిన అన్నం సుత పారెయ్యకపోయేది. ఆమె పేరు మీద పిలుపొచ్చె. నేనెట్ల దండుగ జేస్త? ఆమె జాగల నన్ను పండవెట్టమను."

నేను గేటు పట్టుకొని ఏడ్చాను. సొంత తప్పుకు ఏడుస్తోంది పాపం అనుకుంది ముసలమ్మ. ఆ రోజు పరీక్షలు చేసి మర్నాడు మామ కుడి కంటికి ఆపరేషన్ చేశారు.

కథ ఇక్కడ ఆగితే నాకు కొంత మర్యాద మిగిలేది. కొన్ని వారాలకు ఎడమ కంటి వంతు వచ్చింది. ఈసారి కాలువ సరిగ్గా పారింది. తేదీతో సహా మెసేజ్ వచ్చింది, పెంటయ్య గారూ అని. మామ ఫోను పక్కన పెట్టేశాడు.

"గిది నా పేరు మీదొచ్చింది. నేను పోను. ఆమెకు రెండు కండ్లు లేకుండెనా? పిలిస్తె ఆమెనే పిలవమను."

చెరువును ముట్టుకునే ధైర్యం నాకు లేదు. గోడకు ఇవతల కూర్చొని, నా ఫోనులోనే నా చేత్తోనే కొట్టాను: "అందాలు గారూ, మీ రెండో కంటి ఆపరేషన్ రేపు. పరగడుపున రండి." నొక్కాను. గోడకు అవతల టింగుమంది. కాసేపటికి మామ ఫోను దూరంగా పట్టుకొని, కూడబలుక్కుంటూ బయటికి వచ్చాడు.

"సరితా, గీ కన్ను మస్తు సక్కగ కనవడుతున్నదే."

"మంచిదే గద మామా."

"మెసేజ్ పైన నీ పేరున్నది."

మామ లోపలికి వెళ్లి, మేకు మీది సంచి దించుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

"పరగడుపున అంటె చాయ సుత తాగొద్దా?"

"తాగొద్దు మామా."

"మీ అత్త తీర్గనే సతాయిస్తున్నవ్. సరే తియ్, రేపు పొద్దుగాల లేపు."

ఆ మొదటి మెసేజ్ మామ ఫోనులో ఇంకా ఉంది. తుడిచేయమని నేనూ అడగలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నిండుగా ఉన్నా ఎండి ఉన్నా మా ఇబ్రహీంపట్నం చెరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో దేన్నీ మళ్లీ మొదటినుంచి నొక్కను. దొంగ మెసేజ్ పంపవలసి వస్తే మాత్రం, నేను దగ్గరుండి బాగు చేయించిన కంటికి పంపను.